ప్యాపిలిలో పూటకూళ్ళ ఇల్లు పెడితే తప్పేంటి?

ముందే చెప్పేస్తున్నా, ఇది మారిషస్ యాత్రా విశేషాలు కాదు. నీలం రంగు నీళ్ళు, కొబ్బరి చెట్లు, వాటి పక్కన కళ్ళజోడు పెట్టుకున్న నేను... అలాంటి ఫోటోలు నాకన్నా బాగా తీసినవాళ్ళవి మీకు వందల కొద్దీ దొరుకుతాయి. నేను చెప్పదలుచుకున్నది ఒక్క ముక్క. మన పల్లెల్లో సాఫ్ట్‌వేర్ జీతాలతో కట్టించి, తాళాలేసి, పండక్కి మాత్రమే తెరిచే మేడ గదులు ఉన్నాయి చూశారూ... వాటిని దారిన పోయేవాళ్ళకి అద్దెకివ్వాలి. ఇచ్చి, మనింట్లో వండింది డబ్బులు తీసుకునే పెట్టాలి. దీనికి అడ్డం టూరిజం శాఖ అనీ, రోడ్లు అనీ అందరూ అంటారు. నా ఉద్దేశంలో అసలు అడ్డం మన ఇంటి గడప లోపలే ఉంది.

ఈ ఆలోచన నాకు రోడ్రిగ్స్ అనే దీవిలో గట్టిపడింది. పేరు విననివాళ్ళు కంగారు పడక్కర్లేదు, 2024 దాకా నేనూ వినలేదు. మారిషస్ దేశంలోదే, కానీ అసలు మారిషస్‌కి తూర్పున ఐదువందల అరవై కిలోమీటర్ల పైన సముద్రంలో ఒంటరిగా ఉంటుంది. చిన్న ఏటీఆర్ విమానంలో గంటన్నర. మొత్తం దీవి 108 చదరపు కిలోమీటర్లు, జనం నలభై వేల పైచిలుకు. 2002 నుంచీ సొంత పాలన ఉంది. అగ్నిపర్వతం కక్కిన రాయి గట్టిపడి తయారైన దీవి. అన్నట్టు, 1883 ఆగస్టులో ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ చప్పుడు దాదాపు 4,800 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రోడ్రిగ్స్‌లో వినపడింది. ఎక్కడో ఓడలోంచి ఫిరంగులు పేలుస్తున్నారనుకున్నారట అప్పటి పోలీసు అధికారి.

మారిషస్ అంటే మన ఆఫీసుల్లో ఒక లెక్క ఉంది. పెళ్ళయిన కొత్త, ఐదు రాత్రుల ప్యాకేజీ, రిసార్టు, తిండీ తాగుడూ అన్నీ అందులోనే. చేతికి ఒక పట్టీ కడతారు, అది ఉన్నంతసేపూ పర్సు తియ్యక్కర్లేదు. తప్పని అనను. కానీ వెళ్ళొచ్చినవాళ్ళని "అక్కడి జనం ఏం తింటారు?" అని అడిగితే "బఫే బాగుంది" అంటారు :) దీవికి వెళ్ళి దీవిని చూడకుండా రావడం కూడా ఒక ప్యాకేజీయే మరి.

నేనూ నా ఫ్రెండూ అసలు మారిషస్‌లో రెండు రోజులు ఉండి, తర్వాత రోడ్రిగ్స్‌లో ఐదు రాత్రులు ఒకే ఇంట్లో ఉన్నాం. ఇల్లు అనే అంటున్నా, ఎందుకంటే అది ఇల్లే. కొండ వాలు మీద మూడు గదులు అదనంగా కట్టుకున్న ఒక కుటుంబం. రాత్రి భోజనం వాళ్ళ బల్ల దగ్గరే, వాళ్ళతో కలిసే. ఫ్రెంచి మాట వాడి దీన్ని "తాబ్ల్ దోత్" అంటారు, అంటే ఇంటివాళ్ళ బల్ల అని. రిసార్టులో ఒక రాత్రికి అడిగిన డబ్బుతో ఇక్కడ మాకు నాలుగు రాత్రులు గడిచాయి, రెండు పూటల తిండితో కలిపి.

ఆ ఇంటావిడని అందరూ "తాంతీన్" అంటున్నారు, క్రియోల్‌లో అత్తా పిన్నీ అన్నీ కలిపిన పిలుపు. మేమూ అలాగే పిలిచాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు క్రియోల్ రాదు, కూతురు మధ్యలో అనువాదం. మొదటి రోజు గది చూపించగానే ఆవిడ చెప్పింది స్విమ్మింగ్ పూల్ గురించో వైఫై గురించో కాదు, నీళ్ళ గురించి. పైపులో నీళ్ళు రోజూ రావు, మిద్దె మీది ట్యాంకు నిండిందే లెక్క, బకెట్ స్నానం చేస్తే సంతోషం. నాకు నవ్వొచ్చింది. ప్యాపిలిలో పుట్టినవాడికి ఈ పాఠం ఒకరు చెప్పాలా! నీళ్ళ ట్యాంకర్ హారన్ వినపడితే పుస్తకం మూసేసి బిందె పట్టుకుని పరిగెత్తిన వాళ్ళం.

అక్కడ నన్ను పట్టేసింది అదే. రోడ్రిగ్స్ పచ్చటి స్వర్గం కాదు. వానలు నమ్మకం లేదు, నీటి కొరత ఉంది. అసలు మారిషస్‌లో కనిపించే చెరుకు తోటలు ఇక్కడ లేవు. మొక్కజొన్న, ఎర్ర చిక్కుడు గింజలు, మిరపకాయలు, నిమ్మకాయలు, మేకలు, గొర్రెలు, రాళ్ళు పేర్చిన గట్లు. సముద్రాన్ని తీసేస్తే అది మా ప్యాపిలి మండలంలో ఒక ఊరే. ఆడవాళ్ళు ఆటు సమయంలో లోతు తక్కువ నీళ్ళలో నడుస్తూ ఇనుప ఊచలతో ఆక్టోపస్‌లు పట్టి తీగల మీద ఎండేస్తారు. ఇష్టమొచ్చినప్పుడల్లా పట్టరు కూడా, 2012 నుంచీ ఏటా కొన్ని వారాలు వేట ఆపి పిల్లల్ని పెరగనిస్తున్నారు. ఆక్టోపస్ కూర నేను తిన్నాను. కాస్త సాగుతుంది కానీ, పక్కన నిమ్మకాయ మిరపకాయ పచ్చడి ఉంటే ఏదైనా దిగుతుంది. ఆ పచ్చడి సీసాలు రెండు మూటగట్టుకొచ్చాను, అమ్మ రుచి చూసి "ఉప్పు తక్కువ" అంది.

అలాంటి ఎండు దీవిలో కుటుంబాలు రెండు గదులు, మూడు గదులు పెట్టుకుని బతుకుతున్నాయి. పెద్ద హోటళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మా బల్ల దగ్గర కూర్చున్న ఇంకో జంట రీయూనియన్ దీవి నుంచి వచ్చారు, వాళ్ళకిది నాలుగోసారట. చూడ్డానికి ఏముందని నాలుగుసార్లు అని అడిగితే, "ఈమె వంట" అన్నారు. పటాటో గుహ అని ఒక సున్నపురాయి గుహ ఉంది, అందులోకి ఊరి కుర్రాడు గైడుగా హెల్మెట్ ఇచ్చి తీసుకెళ్ళాడు. బాగుంది. బాగుంది కానీ, మా బెలుం చూసినవాడి కళ్ళకి అది బెలుంలో ఒక మలుపు!

ఇక్కడినుంచి మా ఊరి సంగతి. ప్యాపిలి హైదరాబాదు బెంగుళూరు హైవే మీద, డోన్‌కీ గుత్తికీ మధ్యన. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఈ మాట చదువుతున్న మీలో సగం మంది మా ఊరి పక్కనుంచి వందసార్లు పోయుంటారు, గంటకి వంద స్పీడులో, బహుశా నిద్రలో. బెంగుళూరులో పనిచేసేవాడిని కాబట్టి నేనూ అదే రోడ్డు మీద రాకపోకలు, కాకపోతే నేను దిగుతాను.

దిగితే ఏముంది అంటారా? బెలుం గుహలు మా జిల్లావే, కొలిమిగుండ్ల మండలం. 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా లైట్లు పెట్టి జనాన్ని పోనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు, 1980ల మొదట్లో జర్మన్ల బృందం లోపలికి దిగి కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. ఇటు బనగానపల్లె దగ్గర యాగంటి. అటు గుత్తి కోట. గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి రాతి మీద అశోకుడి శాసనాలు, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి. ఆ బండల మీద చెక్కించిన వాటిల్లో ఒకటి, దారుల పక్కన మనుషులకీ పశువులకీ పనికొచ్చేలా బావులు తవ్వించాం, చెట్లు నాటించాం అని చెప్పేది. అంటే దారిన పోయేవాడి గురించి ఈ గడ్డ మీద ఆలోచించి ఇరవై రెండు శతాబ్దాల పైనే అయింది. ఆ తర్వాత మనం టోల్ గేటు కట్టాం.

అగ్నిపర్వతం కూడా మాకు తక్కువేం లేదండోయ్. జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు వెతికే జనం గురించి టీవీల్లో చూసే ఉంటారు. ఈ ప్రాంతపు వజ్రాల మాట వస్తే భూగర్భ శాస్త్రం వాళ్ళు వజ్రకరూరు వైపు చూపిస్తారు. అక్కడ ఎప్పుడో 110 కోట్ల ఏళ్ళ కిందట లోపలి నుంచి తన్నుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలున్నాయి, చల్లారిన అగ్నిపర్వతాల గొంతులన్నమాట. ఆ వజ్రాల వేటకి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఏ గుడి అరుగు మీదో, చెట్టు కిందో పడుకుంటారు. పొట్లం కట్టుకొచ్చిన అన్నం తింటారు. చుట్టూ ఊళ్ళలో నా బోటివాళ్ళు కట్టించిన మిద్దెల మీద ఖాళీ గదులు. ఆ దృశ్యం నాకు మింగుడు పడదు.

అయితే మనవాళ్ళు ఎందుకు ఇవ్వరు? నేను మొదట ఈ మాట ఎత్తగానే మా నాయన అన్నది ఇది: "మనింట్లో అన్నం అమ్ముకునేదేందిరా?"

కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అన్నాడు. ఇంటికొచ్చినోడికి అన్నం పెట్టడం మర్యాద, డబ్బు తీసుకుంటే అది పెట్టడం కాదు అమ్ముకోవడం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ మన భాషలోనే ఈ పనికి ఒక మాట ఉంది, పూటకూళ్ళ ఇల్లు. పూటకింత అని తీసుకుని ఇంటి అన్నం పెట్టే చోటు. తాబ్ల్ దోత్ అంటే ఇదే కదా, ఫ్రెంచిలో చెబితే నాజూగ్గా ఉంది అంతే. ఆ ఇళ్ళు నడిపింది ఎక్కువగా ఎవరు? దిక్కులేని ఆడవాళ్ళు, వితంతువులు. 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మని గుర్తు తెచ్చుకోండి. గిరీశం ఆవిడ తిండి తిని, ఆవిడ డబ్బు వాడుకుని, ఆవిణ్ణే చులకన చేస్తాడు. నాటకం చూసి మనం నవ్వుకుంటాం. చేతనైన పని చేసుకుని సొంత కాళ్ళ మీద నిలబడ్డ మనిషి ఆ కథలో ఆవిడే అని నాకు అనిపిస్తుంది. పనిలో తప్పు లేదు, చేసినవాళ్ళకి మనం ఇచ్చిన విలువలో ఉంది. అదే పనికి ఇప్పుడు హోమ్‌స్టే అని పేరు పెట్టి, కూర్గులో ఎస్టేటు బంగళాలో నడిపితే మనమే రాత్రికి ఐదువేలు ఇచ్చి వస్తున్నాం.

రెండో అడ్డం గురించి మనవాళ్ళు పైకి మాట్లాడరు. నాయన అడిగిన రెండో ప్రశ్న: "వాళ్ళేమిటోళ్ళో తెలీకుండా ఇంట్లోకి ఎట్ల రానిస్తావు?"

ఇక్కడ కాసేపు ఆగుదాం. మనలో చాలామంది బెంగుళూరులోనో, చెన్నైలోనో, పూణేలోనో ఇల్లు వెతుక్కునేటప్పుడు ఓనరు "వెజ్జా నాన్‌వెజ్జా?" అని అడిగిన అనుభవం ఉన్నవాళ్ళమే. ఆ ప్రశ్న కోడి గురించి కాదని మనకి తెలుసు. నేను కంపెనీ ఐడీ కార్డు, మూడు నెలల పే స్లిప్పులూ చేతిలో పట్టుకుని, ఆ ఒక్క ప్రశ్నకి గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగిన రోజులున్నాయి. ఆ రోజు కడుపు మండి ఫ్రెండ్స్ దగ్గర గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు మా మేడ గదికి అదే ప్రశ్న మా నాయన అడిగితే "పెద్దాయన, పాతకాలం" అని సర్దుకుపోవాలా? అక్కడ అన్యాయం అయింది ఇక్కడ ఆచారం ఎలా అవుతుంది?

పాత సత్రాలని తలుచుకుని "మన సంస్కృతిలో ఆతిథ్యం" అని రాసేవాళ్ళు కూడా ఒక సంగతి వదిలేస్తారు. ఆ సత్రాల్లో ఎక్కువ వాటిల్లో ఎవరు ఏ పంక్తిలో కూర్చోవాలో, ఎవరు లోపలికి రాకూడదో కులమే తేల్చేది. అందుకే నాకు ఉచిత ఆతిథ్యం కన్నా డబ్బు తీసుకునే ఆతిథ్యం మీద నమ్మకం ఎక్కువ. ఉచితంగా పెట్టేటప్పుడు ఎవరికి పెట్టాలో ఎంచుకునే హక్కు ఉందనుకుంటాం. రేటు బోర్డు పెట్టాక, ఇచ్చినవాడు ఎవడైనా అదే గది, అదే కంచం. తాంతీన్ మమ్మల్ని అడిగినవి మూడే: ఆక్టోపస్ తింటారా, కారం ఎంత, పొద్దున ఎన్నింటికి లేస్తారు.

మారిషస్‌లో జరిగిన చిన్న ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పాలి. అక్కడ తెలుగువాళ్ళున్నారని మీకు తెలిసే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరుకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళ సంతతి, ఎక్కువగా ఉత్తర కోస్తా నుంచి. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని "కొరంగీలు" అనేవారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. మమ్మల్ని తిప్పిన ట్యాక్సీ ఆయన తెలుగు వంశం వాడే. తెలుగు మాట్లాడలేడు కానీ "అమ్మోరు పండగ", "రామభజనం" అన్నాడు. మేం ఆంధ్రా అనగానే, దారి తప్పించి మరీ వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి టీ ఇప్పించి, గాతో పిమా పెట్టించాడు, అంటే మన పప్పు వడలే. తర్వాత మీటరు మీద ఉన్నంతా ముక్కుపిండి వసూలు చేశాడు :) ఆప్యాయతా, బిల్లూ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండచ్చని అలా తెలుస్తుంది.

ఇక మూడోది, నాకు అన్నిటికన్నా బరువైనది. గది నాది, ఆలోచన నాది, సరే. వండేదెవరు? అమ్మ. దుప్పట్లు ఉతికేదెవరు? అమ్మ. బెంగుళూరులో కూర్చుని నేను ఆన్‌లైన్లో బుకింగ్ తీసుకుంటే, అక్కడ పొద్దున్నే ఐదింటికి లేచి పొయ్యి వెలిగించేది ఆమె. యాభై దాటింది, మోకాళ్ళ నొప్పులు. హోమ్‌స్టేల గురించి మన పేపర్లలో వచ్చే వ్యాసాల్లో "ఇంటి రుచి" అని ఒక లైను ఉంటుంది, ఆ రుచి వెనకాల ఎన్ని గంటల చాకిరీ ఉందో ఒక లైనూ ఉండదు. రోడ్రిగ్స్‌లో నేను గమనించింది, పుస్తకంలో లెక్క రాసుకునేది తాంతీనే. డబ్బులు ఆవిడ చేతికే ఇచ్చాం. భర్త చేపలు తెచ్చేవాడు, గిన్నెలు కడిగేవాడు. గదులకు సెలవు ఎప్పుడో ఆవిడే నిర్ణయిస్తుంది. ఆదివారం చర్చి ఉంది, ఆ మధ్యాహ్నం వంట లేదు, ఏం చేసుకుంటారో మీ ఇష్టం అంది. ఇక్కడ అలా కుదరకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అద్దె డబ్బు నాయన అకౌంటుకో నా అకౌంటుకో వస్తూ, పని అమ్మ చేస్తుంటే, అది పల్లె పర్యాటకం కాదు, జీతం లేని ఉద్యోగం.

కాగితాల సంగతి పెద్ద కష్టమేం కాదు. కేంద్ర ప్రభుత్వపు బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా నమోదు చేసుకోవచ్చు, ఇంటివాళ్ళు అక్కడే కాపురం ఉండాలన్నది షరతు. 2025 బడ్జెట్లో హోమ్‌స్టేలకి ముద్ర రుణాలు అన్నారు. విదేశీయులు దిగితే ఇరవైనాలుగు గంటల్లోపు ఆ వివరాలు పంపాలి. ఇవన్నీ మనం రోజూ చేసే తలనొప్పుల ముందు ఎంత!

"బెంగుళూరు కుర్రాళ్ళు వీకెండుకి వచ్చి తాగి గోల చేస్తారు" అన్నది ఇంకో అభ్యంతరం, ఇది మా బాబాయిది. ఇందులో నిజం ఉంది. గండికోట లోయ అంచున సోమవారం పొద్దున సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు చూసినవాడికి అర్థమవుతుంది. ఆ గోల చేసేవాళ్ళు మన ఆఫీసుల వాళ్ళే కాబట్టి వాదించను కూడా. కానీ టెంట్లలో యాభై మంది దిగడం వేరు, ఒకరింట్లో, ఆ ఇంటి ముసలమ్మ ఎదురుగా కూర్చుని నలుగురు అన్నం తినడం వేరు. రెండు గదులకి మించి పెట్టకపోతే ఎవడూ గుంపుతో రాడు. ఎక్కువ గదులు ఉంటేనే ఎక్కువ లాభం అని మన బుర్ర వెంటనే స్కేల్ చేసేస్తుంది, ఆ జబ్బుని ఇక్కడికి తేకూడదు. నాకు కావల్సింది యాప్ కాదు, కంపెనీ కాదు. వారానికి ఇద్దరు మనుషులు.

మా ఇంట్లో ప్రస్తుతం నడుస్తున్న బేరం ఇది. అమ్మ ఒక గదికే ఒప్పుకుంది, రెండోది మేం వస్తే ఎక్కడ పడుకోవాలి అంటుంది. శని ఆదివారాలే. పొద్దున ఉగ్గాని, బజ్జీ. రాత్రికి రాగి సంగటి, ఏదో ఒక పప్పు, మాంసం కావాలంటే ముందు రోజే చెప్పాలి. రేటు నేను ఒకటి చెబితే "పొద్దున్నే లేచి బొరుగులు నానబెట్టేది నువ్వా నేనా?" అని ఆమె దానికి ఇంకో మూడొందలు కలిపింది. డబ్బు ఆమె అకౌంటుకే వస్తుంది, దాని మీద చర్చ లేదు. అడగకూడని ప్రశ్న ఒకటి ఉందని నాయనకి చెప్పాను. ఆయన ఇంకా ఊ అనలేదు. కానీ మేడ మీది బాత్రూంలో కుళాయి కారుతోందని పోయిన వారం మనిషిని పిలిపించాడట, అమ్మ ఫోన్లో చెప్పింది.

మీలో ఎవరైనా మీ ఊరి ఇంట్లో ఇలాంటిది నడుపుతుంటే దయచేసి చెప్పండి. ఏ వెబ్‌సైటులో పెట్టాలి, ఫోటోలు ఎలా తియ్యాలి అనేవి కాదు, అవి నేను చూసుకుంటాను. ఇంట్లో పని ఎవరెవరు ఎలా పంచుకుంటున్నారు, సాయానికి ఊళ్ళో మనిషిని పెట్టుకుంటే ఎంతిస్తున్నారు, పండగ రోజుల్లో గది మూసేస్తున్నారా... ఇవి కావాలి. ఎండాకాలంలో ట్యాంకర్ ఖర్చు అద్దెలో కలుపుతున్నారా లేదా అన్నది కూడా.